ఆజామాబాద్ షెడ్డులో బిగుసుకుపోయిన టెయిల్ స్టాక్

మల్లేపల్లి ఐటీఐలో టర్నర్ ట్రేడు, అంటే ఇనుప ముక్కను తిప్పుతూ కోసే లేతు మిషను పని, పూర్తి చేశాక నేను మొదట పనిలో చేరింది ఆజామాబాద్ పారిశ్రామికవాడలోని ఒక చిన్న రేకుల షెడ్డులో. 1980ల తొలి సంవత్సరాల మాట ఇది. నిజాం కాలంలో ముషీరాబాదు పక్కన వెలసిన ఆ వాడలో పెద్ద కార్ఖానాలు కొన్ని అప్పటికే నీరసిస్తున్నా, సందుల్లోని షెడ్లలో మాత్రం పొద్దున మొదలుకొని చీకటి పడేదాకా లేతులు, షేపర్లు, డ్రిల్లింగ్ మిషన్లు తిరుగుతూనే ఉండేవి. 1930లో ఏర్పడిన వజీర్ సుల్తాన్ టొబాకో కంపెనీ, అంటే చార్మినార్ సిగరెట్ల ఫ్యాక్టరీ, మాకు దగ్గరలోనే ఉండేది కాబట్టి గాలి ఇటు తిరిగినప్పుడల్లా పొగాకు వాసన షెడ్డులోకి వచ్చి, వేడెక్కిన కటింగ్ ఆయిలు వాసనతో కలిసిపోయేది. ఆ షెడ్డులో నేను నేర్చుకున్న పనులు చాలా ఉన్నాయి గాని, ఇన్నేళ్ల తరువాత కూడా ఒక్కొక్క మెట్టూ విడివిడిగా గుర్తున్నది మాత్రం తుప్పుపట్టిన ఒక పాత లేతు టెయిల్ స్టాక్‌ను, అంటే తిరిగే ముక్క కొసను ఆనించి పట్టుకునే భాగాన్ని, విడిపించిన పని. దాన్ని ఉన్నదున్నట్టు రాసి పెట్టాలని చాలాకాలంగా అనుకుంటున్నాను.

షెడ్డు యజమానిని అందరం సేట్ అని పిలిచేవాళ్లం. మాకు పని నేర్పింది మాత్రం ఉస్తాద్. ఆయన లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో చాలాకాలం పనిచేసి రిటైరైన మనిషి. తెలంగాణ తెలుగులో ఉర్దూ కలిపి నెమ్మదిగా మాట్లాడేవారు. చెప్పవలసిన సంగతి ఏదైనా ఉంటే ముందు మిషను ఆపించి, చేతులు వేస్ట్ గుడ్డతో తుడుచుకొని, అప్పుడు చెప్పేవారు. కరెంటు పోయిన వేళల్లో షెడ్డు బయట నీడలో కూర్చొని ఆయన చెప్పిన మాటలు నాకు ఐటీఐ పుస్తకాల కంటే ఎక్కువ అక్కరకొచ్చాయి.

అప్పటి హైదరాబాదులో మిషన్ పని తెలిసినవాడికి నలుగురిలో మంచి విలువ ఉండేది. 1943లో స్థాపించిన ప్రాగా టూల్స్ కవాడిగూడలో ఉండేది. మా షెడ్డులో పని ముక్కను బిగించి పట్టుకునే నాలుగు దవడల చక్కు ఆ కంపెనీదే. సనత్‌నగర్‌లో ఆల్విన్, బాలానగర్ దాటాక హెచ్‌ఎంటీ, రామచంద్రాపురంలో బీహెచ్‌ఈఎల్ ఉండేవి. 1968లో బాలానగర్‌లో మొదలైన సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్‌లో సీటు దొరికిన కుర్రవాడి గురించి వాడ వాడంతా చెప్పుకునేది. ఆ పెద్ద కార్ఖానాల్లో తిరిగే కొత్త లేతుల ధర మాలాంటి షెడ్లకు అందేది కాదు. పంజాబులోని బటాలా నుంచి వచ్చే చవక లేతు కొనుక్కోవడం, లేదంటే ఎక్కడో మూతపడిన మిల్లులో వేలానికి వచ్చిన పాత విలాయతీ మిషను తెచ్చి బాగుచేసుకోవడం, ఈ రెండే మాకున్న దారులు. మా సేట్‌కు రెండో దారి మీదే మక్కువ. పాత బీడులో, అంటే పోత ఇనుములో, ఉన్న బరువు, నిదానం కొత్త చవక మిషన్లలో రావని ఆయన నమ్మకం. ఆ విషయంలో ఆయన చెప్పింది నిజమేనని నేను తరువాతి ఉద్యోగాల్లో కళ్లారా చూశాను.

అలా ఒక వేసవిలో, జిల్లాలో మూతపడిన ఒక మిల్లు రిపేరు షాపులోని ఇంగ్లండు లేతు మా షెడ్డుకు లారీలో వచ్చింది. ఆరడుగుల బెడ్డు (మిగతా భాగాలన్నీ కూర్చునే పొడవాటి పీఠం), నాలుగు మెట్ల కోన్ పుల్లీ, పక్కన బ్యాక్ గేర్లు; పై షాఫ్టు నుంచి తోలు బెల్టుతో తిరిగిన కాలం నాటిది. పైకప్పు పోయిన గదిలో చాలా వానలకు తడిసిందని చూడగానే తెలిసింది. అయితే వెళ్లిపోయే ముందు ఎవరో పుణ్యాత్ముడు బెడ్డు మీద మందంగా గ్రీజు పూసి వెళ్లాడు. మడ్డిలా గట్టిపడిన ఆ గ్రీజును కిరసనాయిలుతో కడిగితే కింద బెడ్డు మెరుస్తూ బయటపడింది. పని వదిలి వెళ్లేటప్పుడు కూడా మిషను గురించి ఆలోచించిన ఆ పేరు తెలియని మనిషిని ఉస్తాద్ ఆ రోజు నోరారా దీవించారు.

మిగతా భాగాలు పెద్దగా సతాయించలేదు. హెడ్ స్టాక్‌లో స్పిండిలు గన్ మెటల్ (కంచు జాతి లోహం) బుష్‌లలో తిరిగేది. వాటి మూతలు విప్పి, ఎండిన నూనె గార తీసి, కొత్త నూనె పోస్తే చేత్తో తిప్పగానే తిరిగింది. కోసే ఉలిని అడ్డంగా జరిపే క్రాస్ స్లయిడు గిబ్ స్క్రూలు వదులు చేసి ఒక రాత్రి కిరసనాయిల్లో నానబెడితే తెల్లారేసరికి వదిలింది. లీడ్ స్క్రూను వైరు బ్రష్షుతో రుద్దడానికి మాత్రం చేతులు నొప్పి పుట్టాయి. చివరికి మిగిలింది టెయిల్ స్టాక్.

లేతు పరిచయం లేనివాళ్ల కోసం ఒక మాట చెప్పాలి. లేతుకు ఎడమవైపు హెడ్ స్టాక్ పని ముక్కను పట్టుకొని తిప్పుతుంది. కుడివైపు టెయిల్ స్టాక్ ఆ ముక్క రెండో కొసను ఆనించి పట్టుకుంటుంది. టెయిల్ స్టాక్ బీడు దిమ్మలో అడ్డంగా ఒక బోరు ఉంటుంది. అందులో బ్యారెల్ అనే బోలు ఉక్కు గొట్టం ముందుకూ వెనక్కూ జరుగుతుంది. బ్యారెల్ ముందు భాగం లోపల మోర్స్ టేపరు, అంటే లోపలికి పోనుపోను సన్నబడే రంధ్రం, అందులో మొన దేరిన సెంటరు కూర్చుంటుంది. వెనక చక్రం తిప్పితే లోపలి స్క్రూ బ్యారెల్‌ను జరుపుతుంది. ఆ స్క్రూకు ఎడమ మర ఉంటుంది, అంటే దాని చుట్లు మామూలు స్క్రూకు ఎదురు వైపు తిరిగి ఉంటాయి. చక్రాన్ని గడియారం ముల్లు తిరిగే వైపు తిప్పితే బ్యారెల్ ముందుకు వచ్చేలా అలా చేస్తారు.

మా టెయిల్ స్టాక్‌లో బ్యారెల్ రెండంగుళాలు బయటకు వచ్చి, ఉన్నచోటనే బిగుసుకుపోయింది. చక్రం ఇటూ అటూ వెంట్రుకవాసి కూడా కదలలేదు. సెంటరు కూడా టేపరులో బిగిసే ఉంది. మామూలుగా సెంటరు తీయాలంటే బ్యారెల్‌ను పూర్తిగా వెనక్కి తిప్పుతాం. అప్పుడు స్క్రూ కొస వెనకనుంచి సెంటరును తన్ని బయటకు తోస్తుంది. ఇక్కడ బ్యారెల్ కదిలితే గాని సెంటరు రాదు, సెంటరు వస్తే గాని బ్యారెల్ లోపలనుంచి కడ్డీ దూర్చి లాగే వీలు లేదు. నాకు అప్పటికి తెలిసిన ఉపాయాలన్నీ అక్కడితో ఆగిపోయాయి.

షెడ్డులో తలా ఒక సలహా ఇచ్చారు. వెనకనుంచి సమ్మెటతో నాలుగు దెబ్బలు వేద్దామన్నారు ఒకరు. చక్రానికి పైపు తగిలించి తిప్పుదామన్నారు మరొకరు. నేను అప్పటికే సుత్తి అందుకున్నాను. ఉస్తాద్ వచ్చి నా చెయ్యి పట్టుకొని అన్న మాట ఇది: "సుత్తె పక్కకు పెట్టు బిడ్డా. ఎవ్వడు పట్టుకున్నడో ఎరుక లేకుండ ఎవ్వన్ని కొడతవు?"

తరువాత ఆయన ఒక్కొక్క దెబ్బ ఫలితం ఏమిటో వివరించారు. బ్యారెల్ వెనక కొస మీద సమ్మెట పడితే ఆ కొస విచ్చుకొని లావవుతుంది. ఆ లావు ముక్క ఇక ఎప్పటికీ ఆ బోరులో పట్టదు. చక్రానికి పైపు వేసి తిప్పితే మొదట తెగేది తుప్పు కాదు, బ్యారెల్ వెనక ఉన్న గన్ మెటల్ నట్టులోని మరలు. బీడుకు సాగే గుణం లేదు, పగలడమే తెలుసు. ముఖ్యంగా బిగింపు పిడి ఉన్నచోట దిమ్మ గోడ పలచగా ఉంటుంది, అక్కడ బీట తీస్తే వెల్డింగు కూడా నమ్మకంగా నిలవదు. ఇది చెబుతూనే ఆయన చిన్న సుత్తితో దిమ్మ చుట్టూ తట్టి, చెవి ఒగ్గి విన్నారు. అన్నిచోట్లా ఖంగుమని ఒకే తీరుగా పలికింది. బీట లేదని తేలాక గాని ఆయన పానా చేతిలోకి తీసుకోలేదు.

మొదటగా చూసింది బిగింపు పిడి. పని చేసేటప్పుడు బ్యారెల్ జరగకుండా పైనున్న చిన్న పిడితో బిగిస్తాం. లోపల బ్యారెల్‌కు పక్కగా పైన ఒకటి, కింద ఒకటి రెండు ముక్కలు ఉంటాయి, బ్యారెల్ గుండ్రానికి సరిపోయేలా ఒక పక్క తొలిచి. పిడి తిప్పితే కింది ముక్క పైకి, పై ముక్క కిందికి వచ్చి రెండూ కలిసి బ్యారెల్‌ను కరుచుకుంటాయి. పిడి వదులు చేయగానే పని అయిపోయిందని అందరూ అనుకుంటారు. పై ముక్క వదులుతుంది, నిజమే. కింది ముక్క మాత్రం ఏళ్ల తరబడి ఉన్నచోటనే కరుచుకొని ఉండిపోతుంది, దాన్ని కిందికి నెట్టేవాడు లేడు కాబట్టి. ఉస్తాద్ పిడిని పూర్తిగా ఊడదీయకుండా కొన్ని చుట్లు మాత్రం విప్పి, దాని నెత్తిమీద రాగి ముక్క ఆనించి, రెండు చిన్న దెబ్బలు వేశారు. లోపల ఏదో దిగిన చప్పుడు వినిపించింది. "ఒకడు వదిలిండు," అన్నారు.

రెండోది చక్రం, స్క్రూ. స్క్రూ కూడా తుప్పుపట్టి బిగిసిందా, లేక బ్యారెల్ కదలక స్క్రూ ఆగిపోయిందా అన్నది తేల్చవలసిన ప్రశ్న. దిమ్మ వెనక స్క్రూను పట్టుకొని ఉండే ప్లేటుకు ఉన్న బోల్టులు విప్పించి, ఇప్పుడు చక్రాన్ని బ్యారెల్ ముందుకు రావలసిన వైపు తిప్పమన్నారు. నాకు అర్థం కాలేదు గాని తిప్పాను. చక్రం తిరిగింది. బ్యారెల్ ముందుకు రాలేదు. దానికి బదులు స్క్రూ, ప్లేటు, చక్రం మూడూ కలిసి నెమ్మదిగా వెనక్కి ఊడి నా చేతిలోకి వచ్చాయి. బ్యారెల్ నిలిచి ఉన్నప్పుడు ఎడమ మర చేసే పని అదే. ఆ ఒక్క పనితో స్క్రూ, నట్టు రెండూ నిక్షేపంగా ఉన్నాయని తేలిపోయింది, వెనకనుంచి బ్యారెల్ లోపలికి దారి కూడా దొరికింది.

ఆ దారిలో నట్టు రంధ్రం గుండా ఒక మెత్తని ఉక్కు కడ్డీ దూర్చి, సెంటరు తోకకు ఆనించి, సుత్తితో ఒకే ఒక్క గట్టి దెబ్బ వేశారు. మోర్స్ టేపరు వాలు సుమారు 20కి 1 ఉంటుంది, అంటే 20 మిల్లీమీటర్ల పొడవుకు వ్యాసం ఒక మిల్లీమీటరు తగ్గుతుంది. అంత తక్కువ వాలు ఉన్నందువల్లే అది ఏ స్క్రూ లేకుండా తనంతట తాను పట్టుకుంటుంది. ఒకసారి వెంట్రుకంత జరిగిందంటే పూర్తిగా వదిలేసేది కూడా అందువల్లే. సెంటరు ఎగిరి, ముందు కట్టిన గోనెసంచిలో పడింది. చిన్న చిన్న దెబ్బలు పది వేస్తే టేపరు ఇంకా సర్దుకొని కూర్చుంటుందని, టేపరు దగ్గర మాత్రం పిరికి దెబ్బ పనికిరాదని ఉస్తాద్ అన్నారు.

మూడోది కీ. చక్రం తిప్పినప్పుడు బ్యారెల్ కూడా తిరిగిపోకుండా, దాని ఒంటి మీద పొడవునా ఒక గాడి ఉంటుంది. దిమ్మలోనుంచి ఒక స్క్రూ కొస ఆ గాడిలో కూర్చొని దాన్ని తిరగనివ్వదు. మా దిమ్మకు అలాంటి స్క్రూ ఎక్కడా కనిపించలేదు. ఉస్తాద్ బయటకు వచ్చిన రెండంగుళాల బ్యారెల్ మీద ఉన్న గాడిని వేలితో తడిమి, అదే వరసలో దిమ్మ వెనక పక్కన వేలు జరుపుకుంటూ వెళ్లి, ఒకచోట ఆపి గోటితో గీరారు. పొర మీద పొరగా ఉన్న రంగు పెచ్చులు లేచాయి. వాటి కింద గట్టి మడ్డి, దాని కింద ఒక లాక్‌నట్టు, నట్టు మధ్యలో గాడి కోసిన స్క్రూ తల. దాని గాడికి సరిగ్గా సరిపోయే స్క్రూ డ్రైవరు మా దగ్గర లేదు. ఆయన ఒక పాత ఫైలు కొసను సానరాయి మీద అరగదీసి, గాడి వెడల్పు, లోతు పూర్తిగా నిండేలా కొత్త డ్రైవరు చేశారు. ఆ స్క్రూను విప్పే ముందు కొద్దిగా బిగించే వైపు తిప్పి చూడమన్నారు. తుప్పు పట్టిన మరను ముందు ఒక పిసరు బిగింపు వైపు కదిపితే తుప్పు పట్టు విరుగుతుంది. ఆ తరువాత విప్పితే తల చెడకుండా వస్తుంది. ఇక్కడ మాత్రం బిగింపు వైపు అది ఇసుమంత కూడా జరగలేదు. విప్పే వైపు తిప్పితే చాలా కష్టం మీద వచ్చింది. అప్పుడు ఉస్తాద్ ఆ స్క్రూ కొసను వెలుతురులో పెట్టి చాలాసేపు చూశారు గాని ఏమీ అనలేదు.

ఇక మిగిలింది తుప్పు అని నేను అనుకున్నాను. బ్యారెల్‌కూ బోరుకూ మధ్య సందు మంచి మిషన్లలో 0.02, 0.03 మిల్లీమీటర్ల వరకు ఉంటుంది. మనిషి వెంట్రుక మందంలో సగం కూడా కాదు. ఇనుము తుప్పుగా మారినప్పుడు అసలు ఇనుము కంటే ఎన్నో రెట్లు ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. బయట గాలిలో ఉన్న తుప్పు పెచ్చులుగా రాలిపోతుంది. ఆ సన్నని సందులో పుట్టిన తుప్పుకు పోయే దారి లేక రెండు పక్కలా ఒత్తుకుంటూ చీలలా దిగబడుతుంది. దానికి తోడు ఎండి బంకగా మారిన పాత నూనె. ఈ రెండింటికీ మందు నానబెట్టడమే.

ఇప్పుడైతే సికింద్రాబాదు రాణిగంజ్ బజారులో తుప్పు వదిలించే స్ప్రే డబ్బాలు రకరకాలవి దొరుకుతాయి. గేర్‌బాక్సుల్లో పోసే ఏటీఎఫ్ నూనె, ఎసిటోన్ సమపాళ్లలో కలిపి వాడేవాళ్లూ ఉన్నారు. ఆ రెండూ విడిపోతుంటాయి కాబట్టి వాడేముందు బాగా కుదపాలి, మంట దగ్గరికి పోనివ్వకూడదు. మాకు ఆనాడు ఉన్నది కిరసనాయిలు, కొంచెం పలచని నూనె. ఉస్తాద్ దిమ్మను నిలువుగా నిలబెట్టించి, బ్యారెల్ బోరులో దిగేచోట చుట్టూ లప్పంతో చిన్న గట్టు కట్టించి, అందులో నూలు దారం వత్తిగా చుట్టి, కిరసనాయిలు నూనె మిశ్రమం పోయించారు. ఒక పూట ఈ తల, ఒక పూట ఆ తల పైకి ఉండేలా తిప్పుతూ ఉండాలి. అది మే నెల. పగలు దిమ్మను ఎండలో పెట్టి, సాయంత్రం నీడలోకి తెచ్చి నూనె పోయడం నా పని. పగటి వేడికి సందులోని గాలి వ్యాకోచించి కొంత బయటకు పోతుంది. చల్లబడేటప్పుడు మిగిలినది ముడుచుకొని, దాని చోటులోకి నూనెను లోపలికి పీల్చుకుంటుంది. హైదరాబాదు ఎండ ఆ విధంగా మా దగ్గర జీతం తీసుకోకుండా పనిచేసింది. సేట్ రోజూ వచ్చి అడిగేవారు; ఉస్తాద్ రోజూ ఒకటే జవాబు చెప్పేవారు: "ఇంక తాగుతున్నది సేట్, తాగనియ్యి."

కొన్నాళ్లకు పై గట్టులో పోసిన నూనె మట్టం తగ్గి, కింది పక్క బ్యారెల్ చుట్టూ ముదురు ఎరుపు రంగు చెమ్మ కనిపించింది. అంటే నూనె ఈ చివరనుంచి ఆ చివరకు దారి చేసుకుంది. అప్పుడు లాగడానికి ఏర్పాటు చేశాం. బ్యారెల్ కంటే వెడల్పైన ఒక పైపు ముక్కను ముందునుంచి దిమ్మ ముఖానికి ఆనించాం. దాని మీద మందమైన ఇనుప పలక. మధ్యలోనుంచి బ్యారెల్ గుండా వెనక వరకు మరలు కోసిన కడ్డీ. వెనక వైపు బ్యారెల్ కొసకు ఆనే వాషరు, నట్టు. ఆ వాషరు బోరులోకి దూరాలి, కాబట్టి బ్యారెల్ కంటే ఒక పిసరు చిన్నదిగా ఉండాలి. దాన్ని పక్క లేతు మీద నాచేతే టర్నింగు చేయించారు. ముందు నట్టు బిగిస్తే బ్యారెల్ మొత్తం నిటారుగా, ఎక్కడా దెబ్బ లేకుండా ముందుకు లాగబడుతుంది.

కడ్డీ బిగిసి తీగలా పలికేదాకా బిగించి ఆపాం. ఉస్తాద్ దిమ్మ మీది నూనె చుక్క లేకుండా తుడిపించి, ఆరుబయట పెట్టించి, మంట చిమ్మే బ్లో ల్యాంపు వెలిగించారు. ఇక్కడ లెక్క ఉంది. బీడు మీటరు పొడవుకు ఒక్కో డిగ్రీ వేడికి మిల్లీమీటరులో సుమారు నూరోవంతు పెరుగుతుంది. 40 మిల్లీమీటర్ల బోరున్న దిమ్మ 70 డిగ్రీలు వేడెక్కితే బోరు 0.03 మిల్లీమీటర్ల దాకా విప్పారుతుంది. చిన్న అంకెలాగే కనిపిస్తుంది గాని, ఆ బ్యారెల్‌కు బోరులో మొదటినుంచీ ఉన్న సందు అంతే. అయితే నిదానంగా కాస్తే లోపలి ఉక్కు కూడా వేడెక్కి అంతే పెరుగుతుంది, ఫలితం సున్నా. అందుకే మంట ఒక్కచోట నిలపకుండా దిమ్మ చుట్టూ చకచకా తిప్పుతూ, బ్యారెల్‌లో కడ్డీ పక్కన తడిగుడ్డ కుక్కించి దాన్ని చల్లగా ఉంచారు.

నట్టు మీద చిన్న దెబ్బ వేశారు. టక్కుమంది. బ్యారెల్ మీద నేను సుద్దముక్కతో గీసిన గీత దిమ్మ అంచునుంచి ఒక నూలుపోగంత ముందుకు వచ్చి ఉంది. నేను ఉత్సాహంగా పానా తిప్పబోతే ఆయన వద్దన్నారు. వచ్చినంత మళ్లీ వెనక్కి పంపమన్నారు. ముందుకు కొంచెం, వెనక్కి కొంచెం, మధ్యలో నూనె. ప్రతిసారీ సందునుంచి ఎర్రటి బురద ఊరేది. గుడ్డతో తుడిచి మళ్లీ నూనె పోసేవాళ్లం. తుప్పు పొడిని బయటకు రానివ్వకుండా ఒకే వైపు లాగితే అది లోపలే ముద్దగా చేరి బోరును గీసి, మొదటికంటే గట్టిగా పట్టేస్తుందట.

బురద ఎరుపు తగ్గి నూనె తేటగా రావడం మొదలైంది. అయినా బ్యారెల్ కాస్త వచ్చి అక్కడే ఆగిపోతోంది. ఎంత వెనక్కి పంపి లాగినా అదే చోటు. తుప్పు పట్టు అయితే అంతటా ఒకే తీరుగా బరువుగా ఉంటుంది. ఇది ఒక చోట మొండికేస్తోంది. ఉస్తాద్ పానా కింద పెట్టి, జేబులో దాచుకున్న కీ స్క్రూను తీసి నాకు చూపించారు. దాని కొస గాడిలో పట్టేంత సన్నగా ఉంది, దాని వెనక ఒళ్లు లావుగా ఉంది. ఆ లావు భుజం మీద రెండు మెరిసే గుర్తులు ఉన్నాయి. భుజం ఎప్పుడూ బ్యారెల్‌ను తాకకూడదు. తాకింది, అదీ గట్టిగా. బోరు అరిగి బ్యారెల్ ఊగుతుంటే, ఎప్పుడో ఒక పనివాడు ఆ ఊగును ఆపడానికి కీ స్క్రూను భుజం ఆనేదాకా బిగించేశాడు. ఆ ఒత్తిడికి గాడి రెండు అంచులూ నలిగి పైకి లేచాయి. లేచిన ఆ అంచు బోరుకు గుచ్చుకొని ఆగుతోంది. బ్యారెల్‌ను అసలు పట్టుకున్నది తుప్పు కాదు. తుప్పు తరువాత వచ్చింది. ఎవరో చేసిన ఆ మరమ్మతు ముందునుంచీ ఉంది. వానకు తడవక ముందే, మిల్లులో ఉన్నప్పుడే అది బిగిసి ఉండాలని ఆయన ఊహ, నాదీ అదే. పని మొదలుపెట్టినప్పుడు కీ స్క్రూ బిగింపు వైపు అసలు కదలకపోవడానికి కారణం కూడా అదే.

తరువాత ఆయన చేసిన పని నేను మళ్లీ ఎక్కడా చూడలేదు. బ్యారెల్‌ను తిరిగి మొదట ఉన్న చోటికే పంపించారు. అక్కడైతే నలిగిన అంచులు సరిగ్గా కీ స్క్రూ రంధ్రం కిందికి వస్తాయి. ఆ రంధ్రం వేలు కూడా పట్టనంత చిన్నది. హాక్సా బ్లేడు ముక్కను సానరాయి మీద సన్నగా, కొస కొక్కెంలా అరగదీసి, దాన్ని రంధ్రంలోకి దించి, కళ్లు మూసుకొని గాడి అంచు మీద గీరసాగారు. చూసే వీలు లేదు, వేళ్లకు తెలియాల్సిందే. గీరిన ప్రతిసారీ బ్లేడు కొసకు తళుక్కుమనే సన్నని రజను అంటుకొని వచ్చేది. దాన్ని కాగితం మీద దులిపేవారు. ఆ రజను నల్లగానూ ఎర్రగానూ లేదు, తెల్లగా మెరుస్తోంది. అంటే అది తుప్పు కాదు, శుద్ధ ఉక్కు. ఒక అంచు అయ్యాక రెండోది. మధ్యలో నన్ను కూడా బ్లేడు పట్టుకొని తడిమి చూడమన్నారు. గీరిన అంచు జారుగా, గీరనిది గరగరగా బ్లేడు గుండా వేళ్లకు తెలిసింది. అప్పటిదాకా పని అంటే కంటితో చూసి చేసేదని నా నమ్మకం. ఆ రోజు వేళ్లకు ఒక చదువు ఉందని ఒప్పుకున్నాను.

గాలి కొట్టి రజను తీసేసి, నూనె పోసి, నట్టు బిగించాం. బ్యారెల్ ఆగిన చోటు దాటి, ఒకే తీరుగా జరుగుతూ పూర్తిగా బయటకు వచ్చింది. ఉస్తాద్ దాన్ని రెండు చేతులతో అందుకొని గుడ్డలో చుట్టి బల్ల మీద పడుకోబెట్టారు.

బోరులో నీళ్లు నిలిచిన చోట కొన్ని గుంటలు పడ్డాయి, అంతకుమించి నష్టం లేదు. నేను గరుకు కాగితం తెస్తే ఆయన ఒప్పుకోలేదు. గుంట లోపలికి ఉంటుంది, అది ఎవరినీ అడ్డుకోదు. గరుకు కాగితంతో గుంట పోయేదాకా రుద్దితే బోరు పెద్దదై, పాత పనివాడిని ఆ తప్పుడు బిగింపుకు పురికొల్పిన ఊగే మళ్లీ ఎక్కువవుతుంది. కిరసనాయిలు, గుడ్డ, పైకి లేచిన చోట మాత్రం స్క్రేపరు. కీ స్క్రూను కొత్తగా చేయించారు. కొస గాడిలో కూర్చోవాలి, భుజం బ్యారెల్‌కు తగలకూడదు, లాక్‌నట్టు బిగించాక కూడా తగలకూడదు. నేను చేసిన వాటిలో ఆయనకు నచ్చినది వచ్చేదాకా మళ్లీ మళ్లీ చేయించారు. బిగింపు ముక్కలు రెండూ శుభ్రం చేసి పెట్టాక, బ్యారెల్‌ను బోరులో పెట్టి వేలితో తోస్తే లోపలికి వెళ్లింది.

ఆ లేతు మీద మొదట చేసిన పని మేడ్చల్ వైపు ద్రాక్షతోట బావి పంపుకు ఒక షాఫ్టు. రెండు సెంటర్ల మధ్య కట్టి ఒక సన్నని కోత తీసి, రెండు కొసలూ మైక్రోమీటరుతో కొలిస్తే టెయిల్ స్టాక్ వైపు కొంచెం లావు వచ్చింది. దిమ్మ పక్కనున్న సర్దుబాటు స్క్రూలతో దాన్ని కాస్త మన వైపుకు జరిపి, మళ్లీ కోసి, మళ్లీ కొలిచి, రెండు కొసలూ ఒకటయ్యేదాకా ఉస్తాద్ షాఫ్టును తోట యజమానికి ఇవ్వనివ్వలేదు. ఆ రైతు పొద్దుననుంచి షెడ్డు ముందు కూర్చునే ఉన్నాడు, పాపం. సేట్ ఆయనకు రెండుసార్లు చాయ్ తెప్పించారు.

నేను తరువాత బాలానగర్‌లో టూల్ రూమ్ ఉద్యోగానికి వెళ్లిపోయాను. ఉస్తాద్ పోయాక షెడ్డు కూడా ఎక్కువ కాలం నడవలేదు. 1990లలో సేట్ మిషన్లన్నీ అమ్మేసినప్పుడు ఆ లేతును కాటేదాన్‌లో షెడ్డు పెట్టుకున్న ఒకాయన కొన్నారు. అప్పుడు నన్ను పిలిపిస్తే వెళ్లాను. బ్యారెల్ వేలితో తోస్తే కదులుతూనే ఉంది. కొన్నాయనకు దిమ్మ వెనక ఉన్న లాక్‌నట్టు చూపించి, బ్యారెల్ ఊగుతున్నట్టు అనిపిస్తే ఈ స్క్రూ మాత్రం బిగించవద్దని, బోరు సరిచేయించి దానికి తగిన కొత్త బ్యారెల్ వేయించుకోమని, పిడి విప్పినప్పుడల్లా దాని నెత్తిన ఒకసారి తట్టమని చెప్పి, దగ్గరుండి లారీ ఎక్కించాను.